రబ్బరు నీళ్లలో నానుతుందా?

నిరుడు ఖరీఫ్‌లో మా నారుమడి రెండు రోజులు ఎండింది. బావిలో నీళ్లున్నాయి, ఇంజను తిరుగుతోంది, గొట్టంలోంచి మాత్రం చుక్క రాదు. నీళ్లు పోసి నింపడమేమిటి, అవి కిందికి జారిపోవడమేమిటి! ఫుట్‌వాల్వు పైకి లాగి విప్పితే లోపలి రబ్బరు వాషరు ఉబ్బి, మెత్తబడి, వంకరపోయి ఉంది. "ఎంతకాలమని నీళ్లలో ఉంటుందిరా, నానిపోయింది" అన్నాడు నాన్న. కొట్టతనూ అదే అన్నాడు. నేనూ తలూపాను. బి.ఎస్‌సి. చదువుతూ అలా తలూపినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

అసలు రబ్బరు పుట్టేదే నీళ్లలో. చెట్టుకు గాటు పెడితే కారే పాలలో మూడో వంతు రబ్బరైతే, మిగిలినదంతా దాదాపు నీరే. అంత నీటిలో ఉండీ రబ్బరు కరగదు, సన్నని రేణువులుగా తేలుతుంది. కారణం దాని అణువు. అది కార్బన్, హైడ్రోజన్‌లతో అల్లిన పొడుగాటి గొలుసు. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయిగాని ఇటువంటి గొలుసును దగ్గరకు రానివ్వవు. డీజిలూ కార్బన్, హైడ్రోజన్‌ల సరుకే. రబ్బరుకు అది చుట్టం! గొలుసుల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచే పద్ధతి కనిపెట్టాడు గనుక గొలుసుల మధ్య ముడులు పడ్డాయి. ఆ ముడుల వల్లే మన వాషరు డీజిల్లో కరిగిపోక, ఉబ్బి ఊరుకుంటుంది.

నమ్మకం కుదరక పాత ట్యూబు ముక్కలు రెండు కోసి, ఒకటి నీళ్లలో, ఒకటి డీజిల్లో వేశాను. మర్నాటికి డీజిల్ ముక్క లావెక్కి, గోటితో గిల్లితే ఊడివచ్చేటట్లుంది. నీళ్ల ముక్క వేసినది వేసినట్టే ఉంది.

అలాగని రబ్బరులోకి నీరు అసలు పోదనడం కూడా పొరపాటే. పాలలోని మాంసకృత్తులు, లవణాలు కొంచెం రబ్బరులో మిగిలిపోతాయి. అవి నీటిని మెల్లగా లాగి తమ చుట్టూ చిన్న చిన్న బొట్లుగా నిలుపుకుంటాయి. ఉప్పు చల్లిన మామిడి ముక్కలోంచి నీరు ఊరడం చూశాం కదా, ఆ ద్రవాభిసరణే ఇది. తమాషా ఏమిటంటే, బయట ఉప్పునీరుంటే ఈ లాగుడు తగ్గుతుంది. అంటే సముద్రపు నీటికన్నా మా బావి మంచినీరే రబ్బరులోకి ఎక్కువ పోతుందన్నమాట! సముద్రంలో 42 ఏళ్లు మునిగి ఉన్న రబ్బరు భాగాలను పరీక్షించి 1986లో ఫలితాలు ప్రకటించారు. అన్నేళ్లకూ అవి పీల్చిన నీరు 5 శాతానికి మించలేదు.

రబ్బరుకు అసలు శత్రువులు ఎండ, గాలి, గాలిలోని ఓజోను. మా రబ్బరు గొట్టమే సాక్ష్యం. బావిలో మునిగిన భాగం నున్నగానే ఉంది. గట్టు మీద వంపు తిరిగి, సాగి ఉన్నచోటే బీటలిచ్చింది.

మరి మా వాషరు ఎందుకు ఉబ్బింది? అడగ్గా అడగ్గా బయటపడింది. బిగించే ముందు నాన్న దాన్ని రాత్రంతా డీజిల్లో నానబెట్టాడట, "మెత్తబడి బాగా కూర్చుంటుందని." ఆ అలవాటు మా తాతది. ఆయన కాలంలో వాషర్లు తోలువి. తోలును నూనెలో నానబెట్టకపోతే బిరుసెక్కి పగులుతుంది. కనుక తాత చేసింది తప్పు కాదు, వాషరు మారింది, అంతే. నూనెకు ఓర్చే నైట్రైల్ రబ్బరు వేరే ఉంది. కానీ అదీ నల్లగానే ఉంటుంది, కంటితో చూసి పోల్చలేం.

ఈ ఏడు వాషరు మార్చేటప్పుడు నాన్న డీజిల్ డబ్బా అందుకోబోయి నావైపు చూశాడు. టైరు బిగించేవాళ్లు రాసే సబ్బునీళ్లే చెంబుతో ఇచ్చాను. "ఇదేనా నీ బి.ఎస్‌సి.!" అంటూనే రాశాడు.