చిత్రమునకుఁ బేరే కావలి



మన యిండ్లలో బిందె కొన్నను, చెంబు కొన్నను మొదట చేయు పని దాని మీఁదఁ బేరు చెక్కించుట. పెండ్లికి ఎరువిచ్చిన గంగాళము నాలుగిండ్లు తిరిగి వచ్చినను, అంచు మీఁది పేరు చూచి యిది మనదే యని తెచ్చుకొందుము. ఇత్తడి చెంబునకుఁ బేరు చెక్కించుకొను మనము, రాత్రులు దీపము క్రింద కన్నులు మండునట్లు కుట్టిన పని యొక్క చిత్రమును మాత్రము పేరు లేకయే లోకము మీఁదికి వదలుచున్నాము. ఈ యజాగ్రత్త వలన మా దొర్నిపాటిలో నొక సోదరికిఁ గలిగిన కష్టమును జెప్పి, దానికిఁ దగిన యుపాయమును నాకుఁ దెలిసినంతలో విన్నవించెదను.

ఆమె మగ్గము పనిలో మిక్కిలి నేర్పరి. చట్రమునకు బట్ట బిగించి, జరీ, పూసలు, కుందనములు సూదితోఁ గూర్చి పెండ్లి రవికలు చేయును. భర్తది కౌలు సేద్యము. వాన ముఖము చాటు చేసిన యేఁట ఆ సూదియే ఆ యింటికి అన్నము పెట్టును. తాను చేసిన రవికల ఫోటోలను ఆమె అంతర్జాలమున నుంచుచుండెను. వానిని జూచి కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ, నంద్యాల నుండి పని వచ్చుచుండెను.

నిరుడు మాఘమాసమున ఎవరో పరిచయము లేని యామె ఫోను చేసి నోటికి వచ్చినట్లు తిట్టినది. బొమ్మలో జరీ పని చూపి, జిగురుతోఁ బూసలంటించిన రవిక పంపితివని ఆమె కోపము. విచారింపఁగా సంగతి బయటపడినది. దూరపు పట్టణమున నెవరో ఈమె చిత్రములు పదునొకండు తీసికొని, వానిపైఁ దమ ఫోను సంఖ్య వేసికొని, సగము వెలకే యిత్తుమని సొమ్ము రాఁబట్టుచున్నారు. అందొక చిత్రమున రవిక తొడిగి నిలిచినది ఈమె కుమార్తె. ఆ పిల్ల ముఖము ఊరూరు తిరుగుచున్నదని విన్నంతనే యింటిలో మగవారు, ఈ పని యిఁక చాలు ననిరి. నెల దినములు చట్రము గోడకు జేరఁబడి యుండెను. ఒకనాఁటి సాయంకాలము ఆమె మా యింటికి వచ్చి, "అక్కా, అవి నేను కుట్టినవేనని చూపించేదానికి నా దగ్గర ఏముంది?" అని యడిగినది.

ఆ ప్రశ్న నన్ను చాల దినములు వెన్నాడినది. చిన్ననాఁట మా తండ్రిగారి కడఁ జదివిన కావ్యములందే దీనికి సమాధానము కలదని తరువాతఁ దోఁచినది.

మన పెద్దలకును చౌర్యభయము లేకపోలేదు. ప్రబంధకవులు కుకవినింద పేరఁ బరుల కవిత్వమును దొంగిలించువారిని దూషించిరి. నిందతోనే యూరకుండక మనవారు ఉపాయమును గూడఁ బన్నిరి. త్యాగరాజస్వామి కీర్తన చివరఁ దన పేరును, క్షేత్రయ్య తన పదములందు మువ్వగోపాలుని పేరును నిలిపిరి. వేమన పద్యము వేమన పేరుతోనే ముగియును. దీనిని మనము ముద్ర యనియు, మకుట మనియు నందుము. ఆ పేరు తాళములోను గణములలోను గలసిపోయినది. దానిని దీసివైచితిమా, పాట కుంటును, పద్యము విఱుగును. మాఘకవి మఱింత గడుసువాఁడు. శిశుపాలవధము పందొమ్మిదవ సర్గ చివరనున్న చక్రబంధమునఁ దన పేరును, కావ్యము పేరును అక్షరముల వలయములలో దాఁచినాఁడు. మొదటిది అందఱికిఁ గనఁబడు ముద్ర; రెండవది యెఱిఁగినవారికే కనఁబడు ముద్ర.

మఱి స్త్రీల మాట యేమి? మొల్ల తాను కేసన కుమార్తెనని రామాయణపు అవతారికలోఁ జెప్పుకొన్నది. వెంగమాంబ తరిగొండ నృసింహుని పేర శతకము వ్రాసి తన యూరును నిలిపినది. వారి పేళ్ళు మిగిలినవి. కాని లాలిపాటలును, దంపుడు పాటలును గట్టిన తల్లుల పేళ్ళు మన కెవరికిఁ దెలియును? వాకిటి ముగ్గు సాయంకాలమునకుఁ జెదరిపోవును గనుక దానికిఁ బేరు అక్కఱ లేకపోయెను. అంతర్జాలమునఁ బెట్టిన ముగ్గు చెదరదు, దేశములు తిరుగును. తిరుగు వస్తువునకుఁ బేరుండవలెను.

ఛాయాచిత్రములకుఁ బేరుంచు నాచారమును క్రొత్తది కాదు. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో నుండిన రాజా దీన్‌దయాళు (1844-1905) నెగటివు మీఁదనే తన పేరును సంఖ్యను వేయుచుండెను. దాని నుండి తీసిన ప్రతులన్నిటను అవి కనఁబడుచుండెను. ఆయనయే 1892లో ఘోషా స్త్రీల కొఱకు హైదరాబాదున జనానా స్టూడియో తెఱచి, దానిని శ్రీమతి కెన్నీ లెవిక్ అను వనిత చేత నడిపించెను. నాఁడు స్త్రీల చిత్రములకు ఎత్తైన గోడలు కావలి. నేఁడు మన చేతి ఫోను గోడలు లేని వాకిలి.

ఆ వాకిట నిలుపఁదగిన కావలియే నీటిముద్ర. వాటరుమార్కు అనుట వాడుక. ఈ పేరు కాగితపు పని నుండి వచ్చినది. 13వ శతాబ్దమున ఇటలీలోని ఫాబ్రియానో పట్టణమునఁ గాగితము చేయువారు తడి గుజ్జులోనే తమ గుఱుతు పడునట్లు చేసిరి. మన నోటును వెలుతురునకు ఎత్తి చూచినచోఁ గనఁబడు గాంధీమహాత్ముని రూపము అట్టిదే. చిత్రము మీఁదఁ బలుచని అక్షరములతోఁ బేరు వ్రాయుటకును ఆ మాటయే నిలిచినది.

దీనిని వేయుట కష్టము గాదు. ఫోనులో చిత్రమును సవరించు చోటనే అక్షరములు వ్రాయు సాధన ముండును. అయితే ఎక్కడ వ్రాయవలెనో తెలియవలెను. చాలమంది మూలన చిన్న యక్షరములతో వ్రాయుదురు. అది దొంగకు సులువు. అంచు కత్తిరించినఁ బోవును. సాదా బట్ట మీఁద వ్రాసినను దుడుచుట తేలికయే. జరీయుఁ బూసలును దట్టముగా నున్న చోట, పని నడుమ నుండి అడ్డముగాఁ బోవునట్లు వ్రాయవలెను. క్రింది పని కనఁబడునంత పలుచగాను, పేరు చదువ వచ్చునంత స్పష్టముగాను ఉండవలెను. పేరుతోఁ బాటు ఊరి పేరును జేర్చుట మేలు. మన ప్రక్కనున్న ఆళ్ళగడ్డ రాతి శిల్పమునకు ఆ యూరి పేరే భౌగోళిక గుర్తింపుగా చట్టమునఁ గావలి యైనది గదా!

రెండవది, అసలు చిత్రమును ఎవరికిని ఈయరాదు. వెడల్పున వేయి చుక్కలకు మించని చిన్న ప్రతినే బయట నుంచవలెను. మంచి ముద్రణకు అంగుళమునకు 300 చుక్కలు కావలయును గనుక అట్టి ప్రతి మూఁడంగుళముల పైచిలుకు మాత్రమే చక్కగా అచ్చు పడును. అసలుతోఁ బాటు చట్రము మీఁద సగము కుట్టి యున్నప్పటి చిత్రములను గూడ భద్రపఱచవలెను. రవిక బొమ్మను దొంగిలించినవానికి సగము కుట్టిన బొమ్మ యెక్కడిది?

మూఁడవది, పేరును ప్రతి చిత్రమునకును క్రొత్తగా వ్రాయవలెను. 2017లో గూగులు సంస్థ పరిశోధకులు ఒక సంగతి వెల్లడించిరి. ఒకే యచ్చు ముద్ర అనేక చిత్రముల మీఁద నున్నచో, యంత్రము వానినన్నిటిని సరిపోల్చి ముద్రను గుర్తుపట్టి చెఱపివేయఁగలదు. స్థలము మార్చినంత మాత్రమున లాభము లేదు. ముద్ర రూపమే చిత్ర చిత్రమునకును రవంత వంకర తిరిగి యున్నచో చెఱపిన చోట మరకలు మిగులును. ఇది చదివి నాకు నవ్వు వచ్చినది. చేతితోఁ బెట్టిన ముగ్గు రెండు మాఱులు ఒకే తీరుగా రాదు గదా! కావున అచ్చు ముద్ర కంటె వ్రేలితోఁ దెర మీఁదఁ బ్రతి మాఱును వ్రాసిన సంతకమే మేలు. నేఁటి కృత్రిమ మేధ సాధనములు దీనిని గూడఁ జెఱపవచ్చును. తాళము వేసిన యింటను దొంగ పడును. అట్లని తలుపు తెఱచి నిద్రింపము.

పేరు చెఱపినవాఁడు చట్టమునకును దొరకును. మనము తీసిన ఫోటో మీఁది హక్కు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమును బట్టి, నమోదు చేయింపకయే మనకు వచ్చును. 2012లో ఆ చట్టమునఁ జేర్చిన 65బి సెక్షను ప్రకారము, హక్కుదారును దెలుపు పేరు మొదలగు గుఱుతులను దెలిసి తెలిసి అనుమతి లేక తొలఁగించుట నేరము. రెండేండ్ల వఱకు ఖైదును జరిమానాయు విధింపవచ్చును. పేరే లేని చిత్రమునఁ జెఱపుటకు ఏమున్నది? ఒక మాట మాత్రము మఱవరాదు. ఈ హక్కు ఫోటోకు సంబంధించినది. మన రవిక చూచి మఱియొకరు తమ సూదితో అట్టిదే కుట్టుట వేఱు విషయము.

ఇఁక ఆఁడపిల్లల ముఖచిత్రముల సంగతి. దుర్వినియోగ భయము చేత భారత స్త్రీలు తమ ముఖము చూపుటకు జంకుచున్నారని గ్రహించి, ఫేసుబుక్కు సంస్థ 2017 జూనులో ఈ దేశమున ముఖచిత్రములకు నీలపు అంచుతో నొక కవచమును బ్రవేశపెట్టెను. చిత్రము మీఁద మన బాంధనీ, కాంతా వంటి అల్లికల పొర వేసికొన్నచో దానిని ఇతరులు నకలు తీయుట కనీసము 75 శాతము తగ్గునని తొలి పరీక్షలలోఁ దేలినట్లు ఆ సంస్థ ప్రకటించెను. అయినను నా మట్టుకు, అమ్మకపు చిత్రములందుఁ బిల్లల ముఖము లేకుండుటయే క్షేమమని తోఁచును. రవికను జూపుటకు భుజమును జేతియుఁ జాలును.

పేరు వ్రాసిన బొమ్మ యందము చెడునని కొందఱందురు. తగు పలుచనతో వ్రాసినచో కొనువారి కన్ను పనినే చూచును. తన పేరు తాను వ్రాసికొనుట ఆఁడుదానికి డాంబికమని మఱికొందఱందురు. వారికి నా మనవి యిది. పేరు గొప్పకు మాత్రమే కాదు, పూచీకిని. పని చెడినచో నన్నడుగుఁడని చెప్పుటకే పేరు. మా పొరుగు సోదరికి వచ్చిన తిట్లు ఆమె చేయని పనికి వచ్చినవి. ఆమె పేరు ఆమె పని మీఁద నిలిచి యున్నచో ఆ తిట్లు వేఱొక గుమ్మమునకుఁ బోయెడివి.

ఆమె ఫోనులో అసలు చిత్రములు తేదీలతో మిగిలి యుండుట మేలైనది. మా వారు కూర్చుండి ఆమె చేత ఫిర్యాదులు వ్రాయించిరి. పిల్ల ముఖమున్న చిత్రము ముందుగాఁ దొలఁగినది. కొన్ని పోయినవి, కొన్ని యిప్పటికిని దిరుగుచునే యున్నవి. చట్రము మాత్రము గోడ వదలి నడిమింటికి వచ్చినది. మొన్న ఆమె పంపిన చిత్రమున నెమలి పురి మీఁదుగా, వంకరటింకరగా, ఆమె పేరును దొర్నిపాడు అను మాటయుఁ గనఁబడినవి. వ్రాయునప్పుడు చేయి వణకినదఁట. ఆ వణుకును మఱియొకరు దొంగిలింపలేరని చెప్పితిని.