అంచు నల్లబడేదెందుకు?

పిల్లలూ! కంప్యూటరు మీద ఒక గాజుకూజా బొమ్మ తయారుచేసి, దానిని మామిడితోట బొమ్మ మీద అతికించారనుకోండి. కూజా చుట్టూ సన్నని నల్లటి అంచు కనిపిస్తుంది ఒక్కొక్కసారి. మీరు నలుపు వేయనేలేదు గదా! మరి ఆ మసి ఎక్కడిది?

కంప్యూటరు బొమ్మ అంటే చుక్కల ముగ్గు వంటిది. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలుంటాయి. సాధారణంగా ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. కాని గాజు, పొగ వంటి వాటి గుండా వెనకనున్నది కూడా కనిపించాలి. అందుకు నాలుగో అంకె కావలసి వచ్చింది. దాని పేరు ఆల్ఫా. అది 0 అయితే చుక్క కనిపించదు. 255 అయితే వెనకనున్నది కనిపించదు. 1977 ప్రాంతంలో అమెరికాలో ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు దీనిని కల్పించారు.

తరవాత 1984లో టామ్ పోర్టర్, టామ్ డఫ్ అనేవారు, రంగును ముందే ఆల్ఫాతో గుణించి ఉంచితే అతికించే లెక్క సులువవుతుందని చూపారు. చిక్కల్లా ఇక్కడే వచ్చింది. కొన్ని ఫైళ్ళు రంగును గుణించి దాస్తాయి, ఓపెన్ ఇ.ఎక్స్.ఆర్. వాడుక అది. పి.ఎన్.జి. ఫైలు మాత్రం గుణించకుండా దాస్తుంది.

సగం కనిపించే ఎర్రచుక్క ఒకటి తీసుకోండి. గుణించక ముందు ఎరుపు 255, ఆల్ఫా 128. గుణిస్తే ఎరుపు 128 అవుతుంది. ఆ సంగతి తెలియక రెండో ప్రోగ్రాము మళ్ళీ గుణిస్తే 64 అయిపోతుంది! అమ్మ ఉప్పువేసిన కూరలో అక్కయ్య మళ్ళీ ఉప్పు వేసినట్టన్నమాట. గుణించవలసిన చోట మానేస్తే, అంచు మరీ తెల్లగా మెరుస్తుంది.

దీనికి మందు సులువే. బ్లెండరు వంటి ప్రోగ్రాములలో "స్ట్రెయిట్", "ప్రీమల్టిప్లయిడ్" అని రెండు మాటలుంటాయి. మొదటిది గుణించనిది, రెండవది గుణించినది. ఫైలుకు తగినదానిని ఎంచుకుంటే మసి పోతుంది. బొమ్మ మళ్ళీ వేయనక్కరలేదు.

జేపెగ్ ఫైలులో మాత్రం ఆల్ఫాకు చోటే లేదు. అందులో దాచి అసలు ఫైలు చెరిపేశారా, మీ కూజా గాజుతనం పోయినట్టే!

బొమ్మ పూర్తికాగానే తెల్లటి రంగు మీద ఒకసారి, నల్లటి రంగు మీద ఒకసారి పెట్టి చూడండి. నలుపు మీద దాగిన మసి తెలుపు మీద బయటపడుతుంది.