అవిచ్ఛిన్నమైన కాంక్రీటు పునాది

గ్రామమున పాఠశాలనుగాని, పంచాయతీ కార్యాలయమునుగాని నిర్మించునపుడు సభ్యులు గోడలను, కప్పును, తలుపులను శ్రద్ధతో పరిశీలింతురు. పునాదిని చూచువారు తక్కువ. తలుపు చెడినచో మార్చవచ్చును. సున్నము రాలినచో మరల పూయవచ్చును. మన్ను కప్పిన పునాదిని సరిదిద్దుట మిక్కిలి కష్టము, వ్యయసాధ్యము. కావున కందకము తెరచియున్న కొలది దినములే దానిని పరీక్షింపదగిన సమయము.

పట్టీ పునాది అనగానేమి?

గోడ పొడవునను, మూలలయందును, అడ్డగోడలు కలియుచోట్లను ఎచ్చటను తెగకుండ, గోడకంటె వెడల్పుగా వేయు కాంక్రీటు పట్టీయే ఈ పునాది. దీని మూలమున గోడ బరువు విశాలమైన నేలపై పరచుకొనును. ఒకచోట నేల కొంచెము మెత్తగానున్నను, ఇరువైపులనున్న గట్టినేల ఆ బరువును పంచుకొనును. అయితే కాంక్రీటు నొక్కుడును సహించునేగాని సాగుడును సహింపజాలదు. అందుచే నేల ఒకే తీరుగా లేనిచోట దానిలో ఇనుప కడ్డీలు వేయవలెను.

వెడల్పు ఎంత?

ఒక మీటరు పొడవు గోడయు, దానిపై కప్పును కలిసి 5 టన్నుల బరువు మోపుననుకొందము. నేల చదరపు మీటరునకు 10 టన్నులు మోయగలిగినచో పట్టీ అర మీటరు వెడల్పుండిన చాలును. 5 టన్నులు మాత్రమే మోయగలిగినచో ఒక మీటరు కావలెను. కావున పొరుగూరి భవనపు పునాది కొలత మన ఊరికి సరిపోవునని తలపరాదు. నేలను పరీక్షించి ఇంజనీరు నిర్ణయించిన కొలతయే ప్రమాణము.

నల్లరేగడి నేలలు

నల్లరేగడి వానకు ఉబ్బును. ఎండకు కుంచించుకొని బీటలు వారును. దానితోపాటు పైపైన వేసిన పునాదియు కదలి గోడలు పగులును. రేగడి పలుచనైనచో దానిని తొలగించి, క్రిందనున్న గరుసు నేలపై పునాది వేయవలెను. లోతైనచో సుమారు 3.5 మీటర్లు త్రవ్వి, అడుగున వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభములను పోసి, వానిపై దూలమును కట్టి గోడ లేపుదురు. ఈ పద్ధతిని రూర్కీయందలి కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి పరచినది.

సభ్యులు చూడవలసినవి

1. కందకము లోతును, వెడల్పును పటముతో సరిపోల్చి టేపుతో కొలువవలెను. అడుగు సమతలముగా నుండవలెను. ఏటవాలు నేలయందు మెట్లుగా త్రవ్వవలెను.

2. అడుగున నీరు, బురద, వదులు మన్ను ఉండరాదు. అధికముగా త్రవ్వినచోట మన్నుతో పూడ్చక కాంక్రీటుతో నింపవలెను.

3. కడ్డీలు నేలను తాకరాదు. క్రింద బిళ్ళలుంచి, 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కడ్డీలను కప్పునట్లు చూడవలెను. మూలలవద్ద కడ్డీలు తెగక, వంగి రెండవ వైపునకు సాగవలెను.

4. సులభముగా జారుటకై మేస్త్రీ అధికముగా నీరు కలుపరాదు. కడ్డీలు వేయు ఎం-20 కాంక్రీటునకు 50 కిలోల సిమెంటు బస్తాకు నీరు 30 లీటర్లకు మించరాదు. ఇసుక తడిగానున్నచో ఇంకను తగ్గింపవలెను.

5. మూలలయందు పని ఆపక, పట్టీని ఏకధాటిగా పోసి, లోపల ఖాళీలు లేకుండ కూరవలెను.

6. కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటు వాడినచో 10 దినములు, ఎడతెగక తడుపవలెను.

ఈ కొలతలను ఇంజనీరు కొలతల పుస్తకములో వ్రాయువరకు కందకమును పూడ్పనీయరాదు. ఒక్క గంట నిలిచి చూచిన సభ్యుడు గ్రామ ధనమునేగాక, ఆ కప్పు క్రింద కూర్చుండి చదువుకొను పిల్లల క్షేమమును సైతము కాపాడినవాడగును.