విలీనంలో విస్మృత క్షేత్రాలు: వై కళాశాల అనుభవం

చిన్న కళాశాలను విశ్వవిద్యాలయంలో విలీనం చేయునపుడు బోధన, సిబ్బంది విషయాలు చర్చకు వచ్చును. ప్రయోగక్షేత్రాలు మరుగున పడును. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతపు వై కళాశాల ఇందుకు నిదర్శనం. 1894లో వ్యవసాయ కళాశాలగా ప్రారంభమైన ఈ సంస్థ, 2000లో లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలలో విలీనమైనది. 2005లో దాని భూములలో గృహనిర్మాణం ప్రతిపాదించబడి, మరుసటి ఏడాది విరమింపబడినది. 2009లో ప్రాంగణమే మూతబడినది. బీరు తయారీకి వాడే హాప్స్ పంటలో ఆచార్య సాల్మన్ ఆరంభించిన వంగడాల రూపకల్పన మాత్రం, సాగుదారుల పూనికతో వేరొక క్షేత్రానికి తరలి నిలిచినది. మొక్కలను తరలింపవచ్చును, దశాబ్దాల ప్రయోగాలు జరిగిన నేలను తరలింపలేము. కావున క్షేత్రాలు, జన్యు వనరులు, వాటి సంరక్షకుల భవితను విలీన ఒప్పందంలోనే నిర్దేశింపవలెను.