ఇంటిలో సముద్రపు చేపల తొట్టి

రంగురంగుల సముద్రపు చేపలను గాజు తొట్టిలో పెంచవలెనను కోరిక నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను కనబడుచున్నది. కోస్తా జిల్లాలలో రొయ్యల చెరువులు గల రైతులకు ఉప్పునీరు క్రొత్త కాదు. అయినను ఉత్సాహముతో తొట్టి కొని, అదే దినమున చేపలను వదలిన వారిలో పెక్కుమందికి వారము పది దినములలో చేపలు చచ్చి తేలుట అనుభవమే. డబ్బు పోవును; జీవహింస జరుగును; పిల్లల మనసు నొచ్చును.

దీనికి కారణము చాలవరకు చేపల లోపము కాదు, మన తొందరపాటు. దమ్ము చేయని పొలములో ఏ రైతును నారు నాటడు. అట్లే నీరు సిద్ధము కాని తొట్టిలో చేపను వదలరాదు. ముందు నీటిని పెంచవలెను, తరువాతనే చేపను పెంచవలెను. ఈ ఒక్క సూత్రమును గ్రహించినచో తక్కిన పనులన్నియు సులభమగును.

పగడముల జోలికి పోవద్దు

సముద్రపు తొట్టి యనగానే పగడపు దిబ్బలు గుర్తుకు వచ్చును. పగడము రాయి కాదు, చెట్టు కాదు. అది ఒక చిన్న ప్రాణి. దాని శరీరములో సూక్ష్మమైన నాచు నివసించుచు, ఎండ సాయమున ఆహారము తయారుచేసి పగడమునకు ఇచ్చును. నీరు మితిమీరి వేడెక్కినప్పుడు పగడము ఈ నాచును కోల్పోయి తెల్లబారును. అట్లే కొంతకాలము నిలిచిన యెడల చనిపోవును. 1998లో లక్షద్వీపములందును, అండమాన్, మన్నారు సింధుశాఖలందును పగడములు విస్తారముగా తెల్లబారినవి.

మన దేశములో పెద్ద పగడపు దిబ్బలు మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులలో కలవు. ఆంధ్ర తీరమున గోదావరి, కృష్ణా నదులు తెచ్చు ఒండ్రు వలన నీరు బురదగా నుండుటచే అంతటి దిబ్బలు ఏర్పడలేదు.

దిబ్బలను కట్టు పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చేర్చిరి. సముద్రపు గుఱ్ఱములకు కూడ అదే రక్షణ కలదు. వీనిని పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట జైలు శిక్షకు గురియగు నేరము. చచ్చిన పగడపు ముక్కయైనను ఇంతే. దుకాణదారుడు "ఫరవాలేదు" అన్నంత మాత్రమున నేరము పోదు. కావున ఈ వ్యాసములో చెప్పు తొట్టి పగడములు లేని తొట్టి. పగడపు రాతికి బదులు కాల్చిన మట్టితోను, సిరామిక్‌తోను చేసిన బొరియల దిమ్మలు వాడవలెను. చేపలకు దాగుచోటు, సూక్ష్మజీవులకు నివాసము వీనివలననే లభించును.

తొట్టి, దాని స్థానము

మొదటిసారి పెంచువారు మరీ చిన్న తొట్టి కొనరాదు. నీరు తక్కువైన కొలది వేడి, ఉప్పు, మలినము త్వరగా మారిపోవును. 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టి నిండుగా సుమారు 190 లీటర్లు పట్టును. అంచుకు రెండంగుళములు వెలితిగా నింపిన 170 లీటర్లగును. నీటి బరువే 170 కిలోలు దాటును గాన, గట్టి బల్లపై, మట్టము సరిచూచి ఉంచవలెను. ఇనుప బల్ల త్వరగా త్రుప్పు పట్టును; రంగు వేయించవలెను. నేరుగా ఎండ తగలు కిటికీ ప్రక్కను, వంటగదిలోను తొట్టిని పెట్టరాదు.

పురుగుమందులు, పిచికారీ పంపులు దాచు గదిలో తొట్టిని ఎన్నడును ఉంచరాదు. మందు కొట్టివచ్చిన చేతితో నీటిని తాకుట ప్రమాదము. దోమల మందు కూడ ఆ గదిలో కొట్టరాదు. రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టిలో మైలతుత్తము కలిసిన మందేదియు పోయరాదు. రాగి స్వల్పముగా నున్నను వానికి విషము.

ఉప్పునీరు చేయుట

సముద్రపు నీటిలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్లు లవణములుండును. ఈ లెక్కన 170 లీటర్లకు దాదాపు 6 కిలోల లవణము కావలెను. వంట ఉప్పు గాని, కొటారులోని ఉప్పు గాని ఇందుకు పనికిరాదు. ఏలయన, నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పు మడులలో నీరు ఇంకునప్పుడు సున్నపు లవణములు ముందుగా అడుగున పేరుకొనును. తరువాత మనము తిను ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియము లవణములు మిగిలిన చేదునీటిలోనే యుండిపోవును. కావున మడి ఉప్పును మరల నీటిలో కరగించినను అది సముద్రపు నీరు కాజాలదు. తొట్టిల కొరకు అన్ని లవణములు కలిపి తయారుచేసిన ఉప్పు మిశ్రమమునే వాడవలెను.

దీనిని కలుపుటకు బోరునీటి కంటె ఆర్.ఓ. నీరు మేలు. ఉప్పు కలిపిన పిదప ఒక దినము గాలి పట్టించి, రిఫ్రాక్టోమీటరుతో 33 నుండి 35 పాళ్లు ఉన్నదని చూచుకొనవలెను. సముద్రతీరమున నుండువారు సముద్రపు నీరే తెచ్చుకొనవచ్చును. అయితే ఏటి మొగలకు, ఊరి మురుగునకు దూరముగా తేవలెను. వరదల కాలమున నీటిలో ఉప్పు తగ్గును గాన అప్పుడు తేరాదు. తెచ్చిన నీటిని దళసరి గుడ్డతో వడకట్టి, మూతగల శుభ్రమైన డ్రమ్ములో చీకటిలో రెండు వారములుంచి వాడవలెను.

నీరు పండుట

ఇది అన్నిటికంటె ముఖ్యమైన దశ. పొలములో యూరియా చల్లిన పిదప ఏమి జరుగునో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. యూరియా అమ్మోనియాగా మారును. నేలలోని ఒక రకము సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరియొక రకము నైట్రేటుగాను మార్చును. తొట్టిలోను ఇదే పని జరుగవలెను. చేపలు విసర్జించునది, మిగిలిన మేత కుళ్లిన వచ్చునది అమ్మోనియా. ఇది చేప మొప్పలను కాల్చును. సముద్రపు నీరు క్షారగుణము గలది. ఉదజని సూచిక 8.1 నుండి 8.4 వరకుండును. ఈ సూచిక పెరిగిన కొలది అమ్మోనియా విషము తీవ్రమగును. అందువలన మంచినీటిలో చేప ఓర్చుకొను అమ్మోనియా ఉప్పునీటిలో దానిని చంపగలదు.

క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు చాలినన్ని లేవు. వానిని పెంచుటకు దిమ్మలు అమర్చి, నీటిని త్రిప్పు పంపు నడుపుచు, ఉడికించిన రొయ్య ముక్క ఒకటి చిన్న గుడ్డలో కట్టి వేలాడదీయవలెను. అది కుళ్లి అమ్మోనియా వచ్చును. రెండు మూడు దినముల కొకసారి పరీక్ష రంగులతో నీటిని చూడవలెను. మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. పిమ్మట నైట్రైటు పెరిగి తగ్గును. చివరకు నైట్రేటు కనిపించును. అమ్మోనియా, నైట్రైటు రెండును సున్నాకు దిగి అక్కడనే నిలిచిననాడు నీరు పండినదని అర్థము. దీనికి సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. ఈ కాలమున తొట్టిలో చూచుటకు ఏమియు ఉండదు. ఇంటివారు తొందరపెట్టుదురు. అయినను ఓపిక పట్టవలెను. ఇక్కడ ఓర్చినవారికే తరువాత ఫలితము దక్కును.

గాలి, వేడి

ఉప్పునీటిలో మంచినీటి కంటె ప్రాణవాయువు తక్కువగా కరుగును. నీరు వేడెక్కిన కొలది ఇంకను తగ్గును. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత సముద్రపు ప్రాణులను లండనుకు తెచ్చి ఇంటిలో పెంచెను. మాటిమాటికి సముద్రపు నీరు తెప్పించుట సాధ్యము కాక, ఉన్న నీటినే కిటికీ వద్ద ఒక పాత్రలోనుండి మరియొక పాత్రలోనికి ప్రతిదినము పోయించుచు వానిని బ్రదికించెను. నేడు ఆ పనిని పంపు చేయును. కాని కరెంటు పోయినచో పంపు ఆగును. తెల్లవారుజామున ఏరేటరు ఆగిన రొయ్యల చెరువు ఏమగునో రైతులకు తెలియును. తొట్టికి కూడ బ్యాటరీతో నడచు చిన్న గాలిపంపు తప్పక సిద్ధముగా నుండవలెను.

నీటి వేడి 25 నుండి 28 డిగ్రీల సెంటిగ్రేడు ఉండుట మంచిది, 30 దాటనీయరాదు. వేసవిలో నీటిపైకి చిన్న ఫ్యాను పెట్టిన రెండు మూడు డిగ్రీలు తగ్గును. తేమ హెచ్చుగా నుండు తీరప్రాంతములలో ఈ లాభము కొంత తక్కువ. ఫ్యాను వలన నీరు త్వరగా ఆవిరియగును. నీరు పోవును గాని ఉప్పు పోదు. చవుడు నేలలో ఉప్పు పైకి తేలుట చూచిన రైతునకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఈ తొట్టిలో అంగుళము నీరు తగ్గినచో 35 పాళ్ల ఉప్పు 37 పాళ్లు దాటును. కావున ప్రతిదినము తగ్గిన మేర మంచినీరే పోయవలెను, ఉప్పునీరు పోయరాదు.

చేపల ఎంపిక, మేత

నారింజ రంగుపై తెల్లని పట్టీలుండు క్లౌన్ చేప క్రొత్తవారికి తగినది. 1947లో స్థాపింపబడిన కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ ఈ చేపల పిల్లలను హేచరీలలో ఉత్పత్తి చేయు పద్ధతిని రూపొందించినది. ఈ సంస్థకు కొచ్చిలో ప్రధాన కార్యాలయము, విశాఖపట్నములో ఒక ప్రాంతీయ కేంద్రము కలవు. సముద్రములో పట్టిన చేపకంటె హేచరీ పిల్ల మేతకు త్వరగా అలవాటు పడును. దిబ్బలకు హాని యుండదు. కొనునప్పుడు "హేచరీలో పుట్టినదా?" యని అడుగవలెను.

ఈ చేపలన్నియు మొదట మగవిగానే ఎదుగును. గుంపులో బలమైనది ఆడదిగా మారును. చిన్నవి రెండింటిని కలిపి వదలిన క్రమముగా జత యగును. మనము చెప్పుకొన్న తొట్టికి ఒక జత, మూడు నాలుగు నత్తలు, ఒక రొయ్య చాలును. ఎక్కువ చేపలను ఒక్కసారిగా వదలరాదు.

తెచ్చిన చేపను నాలుగు వారములు వేరు తొట్టిలో ఉంచి పరీక్షించుట మంచిది. ఒంటిపై ఉప్పు రేణువుల వంటి తెల్లని చుక్కలు కనబడిన అది పరాన్నజీవి వలన కలుగు వ్యాధి. రొయ్యలకు వైరస్ వలన వచ్చు తెల్లమచ్చ వ్యాధి వేరు, ఇది వేరు.

మేత దినమునకు రెండు పూటల, రెండు నిమిషములలో తినివేయునంత మాత్రమే వేయవలెను. చెరువు రొయ్యను పచ్చిగా వేయరాదు. ఉడికించి, సన్నగా తరిగి వేయవలెను. ఆకలితో చచ్చు చేపలకంటె, మిగిలిన మేత కుళ్లుటచే చచ్చు చేపలే హెచ్చు.

వారమున కొకసారి పదవ వంతు, అనగా 17 లీటర్ల నీరు తీసి, ముందుగా కలిపి ఉంచిన ఉప్పునీరు పోయవలెను. దిమ్మలను, వడపోత స్పంజిని కుళాయి నీటితో కడుగరాదు, సూక్ష్మజీవులు నశించును. తీసిన ఉప్పునీటిలోనే జాడించవలెను.

తీసిన నీటిని పొలములో పోయవద్దు

17 లీటర్ల నీటిలో దాదాపు 600 గ్రాముల లవణముండును. ఏడాదికి ఇది 30 కిలోలకు మించును. దీనిని ప్రతివారము పెరటి మొక్కల పాదులో గాని, పంటకాలువలో గాని, బావి గట్టున గాని పోసినచో ఆ చోటు చవుడు బారును. కూరపాదులు ముందుగా ఎండును. తీరమునకు దూరముగా నుండువారు వెడల్పైన సిమెంటు తొట్టిలో పోసి ఎండబెట్టి, మిగిలిన ఉప్పును వేరుగా పారవేయవలెను. ఆ ఉప్పును పశువులకు పెట్టరాదు. పెంచలేని చేపను ఏటిలోనో సముద్రములోనో వదలుటయు తప్పే. దానితో వ్యాధులు కూడ పోవును. పెంచువారికే దానిని అప్పగింపవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. నీరు పండక ముందు చేపను కొనవద్దు.
2. పగడములు, సముద్రపు గుఱ్ఱములు ఇంట నుంచుట నేరము.
3. ఆవిరియైన నీటికి బదులు మంచినీరు; మార్చిన నీటికి బదులు ఉప్పునీరు.
4. కరెంటు పోయినప్పటికై గాలిపంపు సిద్ధముగా నుంచుడు.
5. మేత తగ్గించుడు, మందుల చేతిని దూరముంచుడు.
6. ఉప్పునీటిని నేలకు త్రాగింపవద్దు.

ఈ పనులకు దినమునకు పావుగంట, వారమునకు ఒక గంట చాలును. అంత తీరిక లేనివారు తొట్టి పెట్టకుండుటయే మేలు. తీరిక, ఓర్పు గలవారి ఇంట క్లౌన్ చేప ఏండ్ల తరబడి బ్రదుకును. దానిని చూచుచు పెరుగు పిల్లలు చేపల అందమునే గాక, చెరువైనను పొలమైనను తొట్టియైనను కంటికి కానరాని సూక్ష్మజీవుల పనిమీదనే నిలిచియున్నదని కూడ తెలిసికొందురు.