పలక మీదికెక్కని లెక్క

అక్షరాభ్యాసం నాడు ఒళ్లో కూర్చోబెట్టుకుని బియ్యంలో 'ఓనమాలు' దిద్దిస్తారు. ఆ తర్వాత పిల్లాడి చేతికొచ్చే మొదటి ఆస్తి... పలక! చుట్టూ చెక్క ఫ్రేము, మధ్యలో నల్లరాయి. ఉమ్మితో తుడిస్తే మాస్టారు తిట్టేవారు. కింద పడేస్తే ఇంట్లో వీపు మోగేది. నా పలక ఒకటో తరగతిలోనే పగిలింది. మిగిలిన ముక్కతోనే ఏడాదంతా నెట్టుకొచ్చాను. ఆ రాయి ఎక్కడిదో, ఎవరు చెక్కారో అడగాలని అప్పుడు తోచలేదు.

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైల్లో 'మార్కాపురం రోడ్' స్టేషన్లో దిగితే దానికి జవాబు దొరుకుతుంది. చెన్నకేశవస్వామి గుడికి ఎంత పేరో, పలకలకీ ఈ ఊరికి అంత పేరు. చుట్టుపక్కల నేలలో పొరలు పొరలుగా ఉండే రాయిని గనుల్లోంచి తీస్తారు. ఉలితో పొర విడదీస్తారు, కొలతకు కోస్తారు, రుద్ది నునుపు చేస్తారు, ఫ్రేము బిగిస్తారు. మన బడులకే కాదు, విదేశాలకూ ఇక్కడి పలకలు వెళ్లాయి.

ఇంత పేరున్న పనిలో చెయ్యేసిన వాళ్లకు మిగిలేది ఎంత?

ముక్కకింత

ఈ పనిలో నెల జీతం అనే మాట కన్నా 'పీసు రేటు' అన్న మాటే ఎక్కువ. ఇన్ని పలకలకు ఇంత. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఎంత చేస్తే అంత! కానీ ముక్క లెక్కన చేసే పని ఎక్కడైనా ఒకటే తీరు. కరెంటు పోతే ఆ గంట కూలీదే. రాయి బాగాలేక పొర సరిగా విడవకపోతే ఆ నష్టమూ కూలీదే. ఒంట్లో బాగోలేని రోజు సంగతి సరేసరి. లెక్క రాసే పుస్తకం మాత్రం యజమాని బల్ల మీద ఉంటుంది.

యజమానుల మాటలోనూ కొంత నిజం ఉంది. నోటుబుక్కులు చవకయ్యాయి. ప్లాస్టిక్ పలకలొచ్చాయి. మన పిల్లల సంచుల్లో రాతి పలక కనిపించి ఎన్నాళ్లయింది? గిరాకీ పడిపోయిన మాట వాస్తవం. అయితే ఆర్డర్లు దండిగా ఉన్న రోజుల్లో లాభం కింది దాకా దిగిందా అని అడిగితే మాత్రం జవాబు రాదు. నష్టానికి మాత్రం ఆ దారి బాగా తెలుసు.

'ఇష్టమయ్యే చేస్తున్నారుగా!'

తక్కువ కూలి గురించి ఎప్పుడు అడిగినా వినిపించే మాట ఇది. బలవంతం ఎవరు చేశారు, నచ్చకపోతే మానెయ్యొచ్చుగా అని.

మానేసి ఎక్కడికి వెళ్లాలి? మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం... పశ్చిమ ప్రకాశమంతా వానను నమ్ముకున్న నేల. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. జంట సొరంగాలను జాతికి అంకితం చేసింది 2024 మార్చిలో. చేలో పని లేనివాళ్లకు మిగిలేవి రెండే దారులు... రాయి పని, లేదంటే హైదరాబాద్‌కో బెంగళూరుకో రైలు.

ఆకలితో ఒప్పుకున్న కూలి ఇష్టంతో ఒప్పుకున్నట్టా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు 1982లోనే జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసు అది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకుంటే, కూలీ తనంతట తాను వచ్చినా సరే, అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని జస్టిస్ పి.ఎన్.భగవతి తీర్పునిచ్చారు. మెడ మీద కత్తి పెట్టక్కర్లేదు, పేదరికం చాలన్నమాట.

ఊపిరిలో రాయి

కూలి సంగతి అలా ఉంచితే, ఈ పనిలో జీతంతో తీరని బాకీ ఇంకోటుంది. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి ధూళిలో సిలికా ఉంటుంది. ముక్కుకు కట్టుకునే గుడ్డ దాన్ని ఆపలేదు. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం చూసి క్షయ అనుకుని ఆ మందులే వాడేవాళ్లు ఎందరో. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ సోకే ముప్పూ ఎక్కువే.

పలకకు తోడు బలపం కదా! బలపాలకు పేరుపడ్డ మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో ఈ జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందంటే, ఆ కార్మికుల సంక్షేమ నిధి కోసమే అక్కడి ప్రభుత్వం 1982లో ప్రత్యేకంగా చట్టం తెచ్చింది. నిజానికి నీళ్లు చల్లుతూ కోసినా, ధూళిని లాగేసే ఫ్యాన్లు పెట్టినా ముప్పు చాలా తగ్గుతుంది. ఖర్చవుతుందని వదిలేస్తారు.

1990ల్లో బాలకార్మికుల గురించి ఎక్కడ చర్చ జరిగినా శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుల సరసన మార్కాపురం పలకల పేరూ వచ్చేది. బడిలో కూర్చుని పలక మీద రాయాల్సిన వయసులో పలకలు చేసిన పిల్లలు వాళ్లు. ఇప్పుడు నలభైల్లో ఉంటారు. ధూళి తన పని బయటపెట్టేది కూడా ఆ వయసుకే.

ఇరవై ఏళ్లకు ఎంత?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాల అభ్యంతరాలు చాలానే ఉన్నాయి. అది వేరే కథ. పలక కూలీకి పనికొచ్చేవి మాత్రం కొన్ని ఉన్నాయి. పీసు రేటు మీద చేసినా, గంటకో రోజుకో కట్టిన కనీస వేతనం కన్నా తగ్గకూడదు. ఇది పాత చట్టంలోనూ ఉన్నదే. జీతం చీటీ ఇవ్వాలి. నియామక పత్రం ఇవ్వాలి. నలభై దాటినవాళ్లకు ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలి. తక్కువిచ్చిన కూలి కోసం మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

గ్రాట్యుటీ సంగతి చూద్దాం. పది మంది పనిచేసే చోట అయిదేళ్లు నిండితే పీసు రేటు కూలీకీ అది వర్తిస్తుందని 1972 నాటి చట్టమే చెప్పింది. చివరి మూడు నెలల సంపాదన సగటు తీసి రోజు కూలి కట్టాలి. ఆ సగటు రోజుకు 400 రూపాయలు అనుకుందాం. ఏడాదికి పదిహేను రోజుల కూలి చొప్పున ఆరు వేలు. ఇరవై ఏళ్లకు లక్షా ఇరవై వేలు! కూతురి చదువో, ఇంటి పైకప్పో గట్టెక్కే సొమ్ము.

అది చేతికి రావాలంటే ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసినట్టు రుజువు కావాలి. రిజిస్టర్‌లో పేరే లేకపోతే? జబ్బుకు పరిహారం అడిగినా అంతే. ఎక్కడ చేశావు, ఎన్నేళ్లు చేశావు అన్నదే మొదటి ప్రశ్న.

అందుకే కార్మికుల హక్కులు తెలిసినవాళ్లు చెప్పే మొదటి సలహా... సొంత లెక్క రాసుకోమని. తేదీ, ఎవరి దగ్గర పని, ఎన్ని చేశారు, ఎన్ని తీసేశారు, ఎంతిచ్చారు. రోజుకో వరుస చాలు. రాయడం రాకపోతే బడికెళ్లే పిల్లలతో రాయించుకోవచ్చు. ఇంట్లో పలకలకు కొదవ లేదు గానీ, దాని మీద రాసింది రేపటికి ఉండదు. పది రూపాయలు పెట్టి నోటుబుక్కే కొనుక్కోవాలి!