తండ్రిని ఎక్కించుకుని 1200 కిలోమీటర్లు

పాల క్యానో, గడ్డిమోపో క్యారియర్‌కి కట్టుకుని సైకిలు తొక్కినవారే మీరంతా. పొలం నుంచి ఊళ్లోకొచ్చేసరికే పిక్కలు పట్టేస్తాయి కదా! బీహార్ పిల్ల జ్యోతి కుమారికి అప్పుడు 15 ఏళ్లు. 2020 మే నెల ఎండల్లో తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్ నుంచి దర్భంగా జిల్లాలోని సొంతూరికి తొక్కింది. సుమారు 1200 కిలోమీటర్లు.

తండ్రి గురుగ్రామ్‌లో ఈ-రిక్షా నడిపేవాడు. ప్రమాదంలో కాలు దెబ్బతింది. ఆపైన లాక్‌డౌన్. రాబడి లేదు, అద్దె కట్టమని ఇంటివాళ్ల ఒత్తిడి. ఉన్న కాస్త డబ్బుతో పాత సైకిలు కొన్నారు. నీవల్ల కాదమ్మా అన్నాడు తండ్రి. ఆ పిల్ల వినలేదు. దారిలో ఎవరైనా పెడితే తిన్నారు, రాత్రిళ్లు పెట్రోలు బంకుల దగ్గర పడుకున్నారు. వారం పది రోజులు పట్టింది.

సాహసమని అందరూ మెచ్చుకున్నారు గానీ, గత్యంతరం లేక చేసిన ప్రయాణమిది. సైకిలు పందేల సమాఖ్య ఢిల్లీకి రమ్మంటే, ముందు చదువుకుంటానంది. 2021లో కేంద్ర ప్రభుత్వం బాల పురస్కారం ఇచ్చింది. ఆ ఏడాది మే నెలలోనే తండ్రి గుండెపోటుతో పోయాడు, సొంతూళ్లోనే.